బెజ్జం ముందా, బిగువు ముందా?

కర్నూల్లో ఇల్లు కట్టుకున్నప్పుడు పూజగదికి గాజు తలుపు పెట్టించాలనిపించింది. చెక్క తలుపయితే దేవుడు కనిపించడని మా ఆవిడ, గాజు తలుపయితే దేవుడికి ఏకాంతం ఉండదని మా అమ్మ. ఇద్దరికీ మధ్యగా మసక గాజు ఒప్పుకున్నారు. దాని మీద శంఖం, చక్రం, చుట్టూ మల్లెతీగ. బొమ్మ నేనే గీసిచ్చాను. 12 మిల్లీమీటర్ల టఫెన్డ్ గాజు ఎచింగ్ పని పూర్తి చేసుకుని పది రోజుల్లో ఇంటికొచ్చింది. తీరా బిగించే రోజున గుర్తొచ్చింది, తాళం వేసుకోవడానికి బెజ్జం పెట్టించడం మరిచిపోయానని.

"డ్రిల్లుంది గదప్పా, ఈడ ఓ చిన్న బెజ్జం ఎయ్యి" అన్నాను.

బిగించడానికి వచ్చిన కుర్రాడు నన్ను జాలిగా చూశాడు. "ఇప్పుడు కుదరదు సార్. పగుల్తాది."

"సుత్తితో కొట్టినా పగలదని మీ ఓనరే చెప్పినాడే?"

"సుత్తికి పగలదు సార్. బెజ్జానికి పగుల్తాది."

నేను వినలేదు. ఏమైనా నాదే బాధ్యత అన్నాను. డ్రిల్లు గాజులోకి కాస్త దిగిందో లేదో, ఒక్క చప్పుడుతో తలుపంతా పటికబెల్లం పలుకుల్లా నేల మీద కుప్పపడింది. శంఖం ఏదో చక్రం ఏదో తెలియకుండా పోయింది. కుర్రాడు చెప్పులేసుకుంటూ అన్నాడు: "టఫనింగుకు పోకముందు చెప్పింటే రెండు నిమిషాల పని సార్."

వ్యక్తిత్వ వికాసం పుస్తకాలు మా ఇంట్లో ఓ బీరువాకు సరిపడా ఉన్నాయి. వాటిలో ఏదీ ఇంత ఖరీదైన పాఠం చెప్పలేదు. ఆ పలుకులు ఊడ్చి ఎత్తుతుండగానే గాజు సంగతేమిటో చూద్దామనిపించింది. చూసిన కొద్దీ, గాజుకు సొగసులు దిద్దేవాళ్లందరూ ఒకే లెక్కతో బతుకుతున్నారని తెలిసింది: ఏ పని వేడి మీద చేయాలి, ఏ పని చల్లారాక చేయాలి, ఏ పని ఆ తర్వాత అసలు చేయకూడదు.

టఫెన్డ్ గాజు రహస్యం చెబుతాను. మామూలు గాజు పలకను 600 డిగ్రీలు దాటేదాకా కాల్చి, బయటికి తీసి రెండు వైపులా చల్లగాలి జోరుగా కొడతారు. పై పొర ముందు గట్టిపడుతుంది. లోపలి పొర తీరిగ్గా చల్లారుతూ, కుంచించుకుపోతూ, పై పొరను లోపలికి లాక్కుంటుంది. అలా పైన నొక్కుడు, లోపల లాగుడు నిలిచిపోతాయి. ఆ బిగువే దాని బలం. మామూలు గాజు కన్నా దాదాపు నాలుగింతలు. దెబ్బ తగిలితే ఆ బిగువు కాపాడుతుంది. బెజ్జం వేస్తే అదే బిగువు ఒక్కసారిగా విడిపోయి పలకను పొడి చేస్తుంది. అందుకే కోత, అంచుల నునుపు, రంధ్రాలు, చెక్కుడు అన్నీ ముందు. బిగువు చివర.

మన జీవితంలో బిగువు ఎక్కించే రోజులు కొన్ని ఉంటాయి. పెళ్లి ముహూర్తం, ఇంటి అప్పు సంతకం, బావమరిదితో కలిసి పెట్టే షాపు, బెంగళూరు ఉద్యోగం వదిలి ఊరొచ్చేయడం. ఆ రోజుకు ముందు అడగాల్సిన ప్రశ్నలను మనం అపశకునం అనుకుని మింగేస్తాం. "వ్యాపారం నడవకపోతే సరుకు ఎవరిది, బాకీ ఎవరిది?" అని ప్రారంభోత్సవానికి ముందు అడిగితే రెండు నిమిషాల పని. కొబ్బరికాయ కొట్టిన మూడేళ్లకు అడిగితే బంధుత్వం పటికబెల్లం అవుతుంది. "పెళ్లయ్యాక ఉద్యోగం చేస్తావా?" అన్నది చూపుల్లోనే అడగండి. మొహమాటపడితే పడండి. మొహమాటం తుడిచేస్తే పోతుంది, పలుకులు అరికాల్లో గుచ్చుకుంటాయి.

అసలు గాజుకు కావలసిన దినుసులన్నీ మన నేలలోనే ఉన్నాయని ఎప్పుడైనా గమనించారా? కర్నూలు నుంచి నంద్యాల పోయే దారిలో ఓర్వకల్లు రాతివనం ఉంది. సినిమా షూటింగులకు పేరుపడిన ఆ రాళ్లలో ఉన్నది సిలికా, అంటే గాజుకు అసలు దినుసు. ఎర్రగుంట్ల, బేతంచెర్ల వైపు ఎటు తవ్వినా సున్నపురాయే. ఇక చౌడు గురించి సీమ రైతుకు నేను చెప్పేదేముంది? పైరును చంపే ఆ తెల్లటి ఉప్పుపొరలో ఉన్న క్షారంతోనే పూర్వం ఈ దేశంలో గాజు కరిగించేవాళ్లు. మన ఊళ్ల పేర్లు చూడండి. హంద్రీ మీద గాజులదిన్నె, నల్లమల అంచున గాజులపల్లె. ఆ పేర్లు ఎందుకొచ్చాయో చెప్పే పెద్దలు ఉంటే ఇప్పుడే అడిగి రాసుకోండి.

సిలికా, సున్నం, చౌడులోని సోడా, ఈ మూడింటి పొత్తు చిత్రమైనది. ఒట్టి సిలికా మహా పొగరుబోతు. 1,700 డిగ్రీల దగ్గర గానీ కరగదు. సోడా కలిపితే వందల డిగ్రీలు దిగొస్తుంది, మెత్తబడుతుంది, చెప్పిన మాట వింటుంది. కానీ సోడా ఒక్కటే కలిపిన గాజు నీళ్లలో కరిగిపోతుంది. సున్నం పడితేనే నిలుస్తుంది. మనల్ని మెత్తబరిచే స్నేహితులు వీధికి పదిమంది దొరుకుతారు. ఏం చేసినా భేష్ అంటారు. సున్నం లాంటివాళ్లు అరుదు, పైగా నోరు పొక్కిస్తారు. తాంబూలంలో ఎంత వేయాలో అంతే వేసుకోండి, కానీ అసలు లేకుండా మాత్రం నమలకండి.

ఇక నాకు బాగా నచ్చిన చోటికి వస్తాను. కడపలో రైలెక్కి రేణిగుంటలో దిగితే దగ్గర్లోనే ఏర్పేడు మండలంలో పాపానాయుడుపేట ఉంది. చూడ్డానికి మామూలు ఊరే. కానీ గాజుపూసల చరిత్ర రాసేవాళ్లకు అది యాత్రాస్థలం. పుదుచ్చేరి పక్కన ఉన్న అరికమేడులో రెండు వేల ఏళ్ల కిందట చిన్న చిన్న రంగుపూసలు తయారయ్యేవి. ఆ తరహా పూసలు ఆఫ్రికా తూర్పుతీరం నుంచి కొరియా దాకా తవ్వకాల్లో బయటపడ్డాయి. పీటర్ ఫ్రాన్సిస్ జూనియర్ అనే అమెరికన్ పరిశోధకుడు వాటికి ఇండో-పసిఫిక్ పూసలని పేరుపెట్టాడు. ఆ పాత పద్ధతి సజీవంగా మిగిలిన చోటు పాపానాయుడుపేట అని ఆయనే లోకానికి చాటాడు. తర్వాత ఆలోక్ కుమార్ కానుంగో అక్కడి పనిని కూలంకషంగా నమోదు చేశారు.

పని ఇలా సాగుతుంది. పొడుగాటి ఇనుపగొట్టం ఉంటుంది, దాన్ని లాడా అంటారు. కరిగిన గాజును దాని కొసకు పెద్ద ముద్దగా చుట్టి, దొర్లించి, మొన తేలేలా చేస్తారు. ముద్ద ఇంకా ఎర్రగా ఉండగానే, గొట్టం లోపలి నుంచి ఇనుపకడ్డీ తోసి మధ్యలో బోలుగా ఒక బెజ్జం చేస్తారు. మళ్లీ కొలిమిలో పెడతారు. అవతలి వైపు కూర్చున్న మనిషి కొక్కెంతో ఆ మొన అందుకుని లాగడం మొదలుపెడతాడు. కుడిచెయ్యి, ఎడమచెయ్యి, కుడిచెయ్యి, ఎడమచెయ్యి. బావిలో చేద తోడినట్టు, గంటల తరబడి. ముద్ద సన్నటి గొట్టంగా సాగుతూ వస్తుంది. తొందరపడితే గొట్టం సన్నం, నిదానిస్తే లావు. పూస సైజు ఆ రెండు చేతుల నడకలో ఉంది.

ఇందులో నన్ను ఆపేసిన సంగతి ఒకటుంది. గొట్టం సాగినంత మేరా లోపలి బెజ్జమూ సాగుతుంది. తర్వాత ఆ గొట్టాలను పూసలుగా నరుకుతారు. వేలవేల పూసలు. ఒక్కదానికీ విడిగా బెజ్జం వేయరు. మొదట్లో, వేడి మీద, ఒక్కసారి వేసిన బెజ్జమే అన్నిటిలోనూ ఉంటుంది. నా పూజగది తలుపు దగ్గర నిలబడి ఈ మాట ఎవరైనా చెప్పి ఉంటే ఎంత బాగుండేది!

పూసకు విలువ దాని మధ్య ఉన్న ఖాళీలో ఉంది. దారం దూరని పూస ఎంత మెరిసినా గోలీతో సమానం. మన రోజుల్ని చూడండి. పొద్దున ఐదింటికి లేచి వాకింగు, ఆపై ఆఫీసు, సాయంత్రం పిల్లల ట్యూషను, రాత్రి ఫోను. ఏదైనా కొత్తది నేర్చుకుందామంటే దారం ఎక్కడ దూరుస్తారు? రోజులో ఒక గంట ఖాళీ ఉంచుకోవడం అంటే సోమరితనం అనుకునేవాళ్లు ఈ గొట్టాన్ని గుర్తుపెట్టుకోండి. ఆ ఖాళీని కూడా ఉద్యోగం మొదట్లోనే, కాపురం మొదట్లోనే, ఇంకా వేడి ఉండగానే పెట్టుకోవాలి. యాభయ్యో ఏట "ఇక నుంచి నాకోసం గంట" అని ప్రకటిస్తే ఇంట్లోవాళ్లు డ్రిల్లు చప్పుడు విన్నట్టు ఉలిక్కిపడతారు. మా ఇంట్లో ఉలిక్కిపడ్డారు.

పూస కథ ఇంకా ఉంది. నరికిన పూసల అంచులు పదునుగా ఉంటాయి. వాటిని నునుపు చేయాలంటే మళ్లీ కాల్చాలి. కాలిస్తే బెజ్జం పూడుకుపోతుంది. ఏం చేస్తారు? బూడిదలో కలిపి మూకుట్లో వేసి, నిప్పు మీద తిప్పుతారు. బొరుగుల బట్టీలో ఇసుక వేసి గరిటె తిప్పే మనిషిని చూసుంటారు కదా, కాస్త అట్లా. బూడిద బెజ్జాల్లో దూరి కూర్చుంటుంది. వేడికి అంచులు గుండ్రబడతాయి, లోపలి ఖాళీ మాత్రం మూసుకోదు. చల్లారాక బూడిద దులిపేస్తే సరి.

కష్టకాలం వచ్చినప్పుడు మొదట మూసుకుపోయేది మన ఖాళీ గంటే. నాన్నకు జబ్బు చేసింది, వానల్లేక పంట పోయింది, బదిలీ అయింది, దాంతో చదువూ పాటా స్నేహమూ మూలపడతాయి. అలాంటప్పుడు ఆ గంటలో పెద్ద పనులేవీ పెట్టకండి. బూడిద లాంటి పని పెట్టండి. పదకేళి నింపండి, మల్లెచెట్టుకు నీళ్లు పోయండి, వీధి చివర బండి దగ్గర ఉగ్గాని తింటూ ఊసుపోక కబుర్లు చెప్పండి. అది దేనికీ పనికిరాదు, కానీ చోటు కాపాడుతుంది. కష్టం తీరాక దులిపేసుకోవచ్చు.

మన ఆడవాళ్ల మెడలోని నల్లపూసలు చాలావరకు గాజువే. వాటి వెనక ఇంత బూడిద ఉందని ఎవరికి తెలుసు? పాపానాయుడుపేటలో ఇప్పుడు ఆ పని బాగా తగ్గిపోయింది. అటు వెళ్లినప్పుడు ఒక దండ కొనుక్కోండి.

రంగుల సంగతి త్వరగా చెప్పేస్తాను. ఇసుకలో ఇనుము కాస్త ఉన్నా గాజుకు పచ్చఛాయ వస్తుంది. ఆ ఇనుమును ఏరి తీసేయడం కష్టం. పాతకాలపు పనివాళ్లు అందుకు మాంగనీసు చిటికెడు కలిపేవారు. దాని ఊదా, ఇనుము పచ్చ ఒకదాన్నొకటి కొట్టేసుకుని గాజు తేటగా కనబడేది. అంటే లోపం పోలేదు, దానికి జోడీ కుదిరింది. మతిమరుపు ఉంటే చిన్న నోటు పుస్తకం జేబులో పెట్టుకోండి, జ్ఞాపకశక్తి శిక్షణకు డబ్బు పోయకండి. (మాంగనీసు గాజు ఏళ్లతరబడి ఎండలో ఉంటే ఊదారంగు పైకి తేలుతుంది. కడప ఎండలో నిలబెడితే ఎవరి అసలు రంగయినా బయటపడుతుంది, అది వేరే సంగతి.)

నంద్యాలలో బ్యాంకు పరీక్షల కోచింగుకు వచ్చి, మొదటిసారి తప్పి, హాస్టలు మెట్ల మీద కూర్చున్న పిల్లలకు చెప్పాల్సింది మాత్రం బంగారపు ఎర్రగాజు గురించి. 17వ శతాబ్దంలో జర్మనీలోని పోట్స్‌డామ్‌లో యోహాన్ కుంకెల్ అనే ఆయన ఈ గాజుతో పేరు తెచ్చుకున్నాడు (పేరులోనే కుంకుమ ఉన్నట్టుంది!). కరిగిన గాజులో రవ్వంత బంగారం కలుపుతారు. చల్లారాక చూస్తే ఏ రంగూ ఉన్నట్టనిపించదు. బంగారం వృథా అయిందని ఏడవాల్సిందే. రెండోసారి కాలిస్తే అప్పుడు లోపల బంగారం కంటికి కనిపించనంత చిన్న రేణువులుగా కూడుకుని, పలక మొత్తం కెంపురంగు తిరుగుతుంది. మొదటి వేడి బంగారాన్ని కరిగించింది, రెండో వేడి రంగు తెచ్చింది. రెండో ప్రయత్నం అవమానం కాదని ధైర్యంగా చెప్పొచ్చు. అయితే మిగతా సగం కూడా చెప్పాలి. అతిగా కాలిస్తే ఆ కెంపు చెడి, కాలేయం రంగులోకి, మట్టిగోధుమ రంగులోకి దిగిపోతుంది. ఆరో ప్రయత్నమా, ఏడో ప్రయత్నమా అని ఊగిసలాడుతున్నవాళ్లు కొలిమిలోంచి బయటికొచ్చి ఒకసారి రంగు చూసుకోండి.

వేడి మీద చేసే పనంతా అయ్యాక అసలు పరీక్ష చల్లార్చడం. చేసిన పాత్రను అలాగే గాలికి వదిలేస్తే పైన ఒకరకం, లోన ఒకరకం బిగుసుకుని, ఆ రాత్రో ఆర్నెల్లకో దానంతటదే చిట్లుతుంది. అందుకే 500 డిగ్రీల చుట్టుపక్కల ఉన్న వేరే బట్టీలో పెట్టి మెల్లమెల్లగా దించుతారు. గాజు మందం రెట్టింపయితే చల్లార్చే కాలం సుమారు నాలుగింతలవుతుంది. అమెరికాలో పాలోమార్ టెలిస్కోపు కోసం 1934లో కార్నింగ్ కంపెనీ 200 అంగుళాల అద్దపు దిమ్మె పోత పోసింది. దాన్ని చల్లార్చడానికి పది నెలలు పట్టింది.

సీమవాళ్లకు కోపమెక్కువని సినిమాలు చెబుతాయి. నిజానికి మా కోపం ఎక్కువ కాదు, చల్లార్చే బట్టీ తక్కువ. వాట్సాప్‌లో బంధువు ఏదో పెడతాడు, మనం ఎర్రగా ఉన్నప్పుడే జవాబు కొట్టేస్తాం. చిన్న మాటయితే ఒక రాత్రి ఆగండి. ఆస్తి మాటయితే నెల ఆగండి. మందం చూసి ఆగాలి. తండ్రీకొడుకుల మధ్య మాటకు పది నెలలయినా తక్కువే.

చల్లారాక కూడా పనులుంటాయి. చెక్కుడు, ఎచింగ్, కోత. తొలకరి పడగానే జొన్నగిరి, తుగ్గలి, మద్దికెర చేలల్లో జనం వంగి వంగి వజ్రాలు వెతుకుతారు. దొరికిన వజ్రం ఎటుపోతుందో ఆ దేవుడికే ఎరుక గానీ, వజ్రపు ముక్క చేసే ఒక పని చెబుతాను. అది గాజును కోయదు, గీస్తుంది. పనివాడు ఒక్క గీత గీసి, రెండు చేతులా పట్టుకుని విరుస్తాడు. గీత మీద మళ్లీ గీత గీశాడో, గాజు పక్కదారి పట్టి విరుగుతుంది. పిల్లాడికి తప్పు చెప్పాలనుకున్నప్పుడు ఒక్కసారి, స్పష్టంగా, సూటిగా చెప్పండి. అదే మాట అన్నం దగ్గరా మంచం దగ్గరా గీస్తూ పోతే వాడు విరిగేది మీరనుకున్న చోట కాదు.

ఎచింగు ఇంకా తమాషా. గాజంతా స్టిక్కరు అంటిస్తారు. మసక కావలసిన చోట కత్తితో స్టిక్కరు లేపేసి ఇసుక జోరుగా కొడతారు. ఇసుక తగిలిన చోటు మసకవుతుంది, కప్పి ఉంచిన చోటు తేటగా మిగులుతుంది. ఏది కప్పిపెట్టాలన్నదే అక్కడి కళ. ఇంతకు మించి దాని మీద ఉపన్యాసం అక్కర్లేదు.

మెదక్ చర్చి రంగు కిటికీలు చూశారా? ఛార్లెస్ వాకర్ పోస్నెట్ అనే మిషనరీ కరవు రోజుల్లో జనానికి పనీ అన్నమూ పెట్టి కట్టించిన గుడి అది. 1924 డిసెంబరు 25న తెరిచారు. ఇంగ్లండు చిత్రకారుడు ఫ్రాంక్ సాలిస్బరీ రూపకల్పన చేసిన గాజు చిత్రాలు మాత్రం ఒకటి 1927లో, ఒకటి 1947లో, ఒకటి 1958లో వచ్చాయి. కిటికీకి చోటు వదిలి, చిత్రం కోసం మూడు దశాబ్దాలకు పైగా ఆగారన్నమాట. సొంతింట్లో అన్నీ గృహప్రవేశానికే ఉండాలని అప్పు చేసేవాళ్లు మెదక్ దాకా ఒకసారి వెళ్లి రండి.

బెజ్జం ముందు వేయాలి, సరే. మరి ముందు వేయడం కుదరనే లేదు, గాజు గట్టిపడిపోయింది, ఇప్పుడేం చేయాలి? నలభై ఏళ్లు దాటినవాళ్లు నన్ను అడిగేది ఇదే. దీనికి జవాబు మా సుగాలి తండాల్లో ఉంది. అద్దాల రవిక చూడండి. ఒక్క అద్దానికీ బెజ్జం ఉండదు. అద్దానికి సూది దిగదని ఆ ఆడవాళ్లకు తెలుసు, దిగమని బతిమాలరు. అద్దం మీదుగా అడ్డంగా రెండు, నిలువుగా రెండు పోగులు లాగి బట్టకు కుడతారు. తర్వాత ఆ పోగుల్ని పట్టుకుని అంచు చుట్టూ గట్టి కుట్టు అల్లుకుంటూ పోతారు. అద్దాన్ని పట్టుకున్నది చుట్టూ ఉన్న దారపు బిగువు ఒక్కటే. కోడలు వచ్చినా, కొత్త ఆఫీసరు వచ్చినా, డెబ్బయ్యేళ్ల మామగారు మనింటికి మకాం మార్చినా, వాళ్లలో బెజ్జం వేసి మన దారం దూర్చాలని చూడకండి. కాఫీ టైము, టీవీ టైము, మందుల టైము, గుడి టైము అని చుట్టూ నాలుగు పోగులు లాగండి. అద్దం అద్దంగానే ఉంటుంది, ఊడిపడదు.

గాజుల మలారం మోసుకొచ్చే సెట్టి కూడా అంతే చేసేవాడు. గాజు సాగదని తెలిసి చేతిని మెత్తగా ముడిచేవాడు. ఎక్కడన్నా ఒకటి చిట్లితే పగిలిందనేవాళ్లు కారు, "పెరిగింది" అనేవాళ్లు. నా తలుపు ఎంతగా పెరిగిందంటే, మూడు బకెట్లకు ఎత్తాను.

రెండో తలుపు చేయించాను. ఈసారి అన్నిటికన్నా ముందు బెజ్జం. కాగితం మీద గుర్తు పెట్టి, కొలత రాసి, కింద సంతకం కూడా చేశాను. తలుపు వచ్చింది. బెజ్జం నా కొలతకు వెంట్రుకవాసి తేడా లేకుండా ఉంది, తాళం పెట్టే వైపు కాకుండా బందులుండే వైపు. బిగించడానికి అదే కుర్రాడు వచ్చాడు. కాగితం చూశాడు, సంతకం చూశాడు, నన్ను చూశాడు, ఏమీ అనలేదు. మర్యాదస్తుడు.

మా అమ్మ ఆ బెజ్జంలోంచి ఎర్రదారం దూర్చి, తండావాళ్ల దగ్గర కొన్న అద్దాల తోరణం కట్టింది. పొద్దున ఎండ తగిలినప్పుడు శంఖం మీద చుక్కలు చుక్కలుగా వెలుగు కదులుతుంది. "దేవుడికి తాళమెందుకు నాయనా" అంటుంది.